దేవుని ముంతలో జొన్నలు

మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక నల్ల ముంత ఉండేది. దాన్ని దేవుని ముంత అనేవాళ్ళం. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండేది. రొట్టెలకు జొన్నలు కొలిచినప్పుడల్లా ఇంటి ఆడది అందులోంచి ఒక పిడికెడు తీసి ముంతలో వెయ్యాలి. ఆదివారం ప్రార్థనకు పోయేటప్పుడు వాటిని కొంగున కట్టుకుపోయి, ప్రార్థన బల్ల ముందున్న గంపలో పొయ్యాలి. అందులో కొంత పాస్టరు అయ్యగారింటికి, కొంత సంఘంలో పొయ్యి వెలగని ఇళ్ళకు పోయేది. బియ్యం మాకు పండగ నాటి ముచ్చటే కాబట్టి దేవునికీ జొన్నలే.

నా పిడికిలి చిన్నది. ఏడు రోజులు వేస్తే సరిగ్గా సోలెడు అయ్యేవి. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ప్రతి శనివారం సాయంత్రం కొలిచి చూసుకునేదాన్ని. దేవునికిచ్చేవి కొలవకూడదని పక్కింటి సాలమ్మ వదిన ఒకసారి చెప్పబోయింది. ఇచ్చేదాన్ని నేను, కొలిచేదాన్ని నేను, నడుమ నీకేం నొప్పి అన్నాను. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ.

నేను చెప్పేది పందొమ్మిది వందల యాభై తొమ్మిది నాటి మాట. కొత్తకోటకు ఆరు మైళ్ళు లోపల మా ఊరు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మా ఆయన గుర్వయ్య ఉగాది వెళ్ళగానే ఊరి మనుషులు పదిమందితో కలిసి, నల్లగొండ వైపు కృష్ణ మీద కడుతున్న పెద్ద కట్ట పనికి పోయాడు. పోయేటప్పుడు నాతో ఒకటే మాట చెప్పాడు, అమ్మను చూసుకో అని. మొదట్లో నెలకోసారి ఎవరో ఒకరు వచ్చి, బాగున్నాడని కబురు చెప్పేవాళ్ళు. శ్రావణం నుంచి ఆ కబురు ఆగిపోయింది. కార్తీకం దాటినా ఎవరూ రాలేదు. ఉన్నాడో లేడో తెలియదు. ఇంట్లో ఉన్నది నేను, మా అత్త ఉప్పలమ్మ, ఆ ముంత.

మా ఆయన పదహారేళ్ళప్పుడే బాప్తిస్మం తీసుకున్నాడు. నేను పుట్టుకతోనే సంఘం పిల్లను. అత్త మాత్రం బాప్తిస్మపు నీళ్ళలో మునగలేదు. గూట్లో ఎల్లమ్మకు పసుపు పెట్టుకునేది. ఎందుకు మునగవని అయ్యగారు అడిగితే, "గీ ఇంట్ల అందరు మీ దిక్కు వచ్చిరి. ఎల్లమ్మకు నేను గూడ లేకుంటే ఎట్లయ్యా, పాపం ఒక్కతయితది" అంది. దశరథం అయ్యగారు నెమ్మదస్తుడు. ఆమె మాటకు నవ్వి ఊరుకున్నాడు.

అత్త మునగకపోయినా, మా దేవుని గురించి ఆమెకున్నంత ఆరా సంఘంలో ఎవరికీ లేదు. ప్రార్థనకు వచ్చి లోపలికి రాకుండా గడప బయట కూర్చునేది. ఇంటికి వచ్చాక నా ప్రాణం తీసేది.

"కండ్లు మూసుకొని మొక్కుతరు గద, గాయన వచ్చి పోతే మీకెట్ల తెలుస్తది?"

"ఆదివారం మీ పాటలు ఇంటడు, మంచిదే. కడమ ఆరు దినాలు ఏం జేస్తడు?"

"గిన్ని ఊర్ల జొన్నలు పోతయి గద ఆయనకు. ఎవలింటివి ఎవలియో గుర్తు పడుతడా?"

నాకు తెలిసినవాటికి జవాబు చెప్పేదాన్ని, తెలియనివాటికి కసిరేదాన్ని. ఎక్కువగా కసిరిందే.

ఒకరోజు ఆముదాల చేలో పొద్దంతా కాయలు కోసి, వేళ్ళు గీరుకుపోయి ఇంటికొచ్చాను. అత్త నీళ్ళ చెంబు ఇస్తూ, "పిల్లా, గుర్వడి కోసం నేను మొక్కితే మీ దేవుడు ఇంటడా?" అని అడిగింది.

"మునగనోళ్ల మాట ఇనడు" అన్నాను.

అయ్యగారు అలా ఏనాడూ చెప్పలేదు. ఏ వాక్యంలోనూ నేను వినలేదు. వేళ్ళు మండుతున్నాయి, నోటికొచ్చింది అనేశాను. అత్త ఇంకేమీ అడగలేదు. చెంబు తీసుకుని లోపలికి పోయింది. హమ్మయ్య, ఒక ప్రశ్న తగ్గింది అనుకున్నాను.

ఆ తరువాత రెండు వారాలకు ముంతలో వింత మొదలయింది.

శనివారం కొలిస్తే సోల నిండి, పైన ఇంకా రెండు గుప్పిళ్ళు మిగిలాయి. నేనే ఎక్కువ వేశానేమో అనుకున్నాను. మరుసటి వారం గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను, పిడికిలికొక గీత. ఏడు గీతలు. కొలిస్తే సోలన్నర. గీతలు మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే.

అదే నెలలో అయ్యగారు కరువు కాలపు విధవరాలి కథ చెప్పాడు. ఉన్న పిడికెడు పిండీ ప్రవక్తకు రొట్టె చేసి పెడితే, ఆమె తొట్టిలో పిండి తరగలేదట, బుడ్డిలో నూనె ఇంకలేదట. కథ వింటున్నప్పుడు, ఆమెకు కొడుకైనా దగ్గరున్నాడు, నాకు మొగుడు ఎక్కడున్నాడో తెలియదు అని ఏడ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంటి ముంత ముందు కూర్చుని ఆ కథే తలుచుకున్నాను.

అయినా ఊరికే నమ్మే మనిషిని కాను. పరీక్ష పెట్టాను. నా పిడికెడు వేశాక జొన్నల పైన ఒక ఆముదపు గింజ పెట్టి మూత పెట్టాను. ఎవరైనా చెయ్యి పెడితే గింజ కదులుతుంది కదా. మర్నాడు పొద్దున మూత తీస్తే గింజ కనబడలేదు. వేళ్ళు పెట్టి వెతికితే జొన్నల కింద ఉంది. అది పక్కకు పోలేదు, మునిగింది. దాని మీదికి జొన్నలు పెరిగాయి!

ఎవరో వేశారేమో అన్న ఆలోచన నాకు రాలేదు. రాకపోవడం నా తప్పా? ఆ కరువులో జొన్నలు ఎత్తుకుపోయేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. దొంగచాటుగా తెచ్చి వేసేవాళ్ళు ఉంటారని ఎవరనుకుంటారు?

అప్పుడు దేవునితో ఒక ఒప్పందం చేసుకున్నాను. వచ్చే శనివారానికి ముంతలో రెండు సోలలు అయితే మా ఆయన బతికి ఉన్నట్టు. కాకపోతే, కాకపోతే అన్నదాని దగ్గరే ఆపేశాను. ఆ వారమంతా నా పిడికిలి సరిగ్గా ఎప్పటిలాగే వేశాను, ఒక్క గింజ ఎక్కువ వెయ్యలేదు. దేవుణ్ణి మోసం చెయ్యకూడదని అంత జాగ్రత్త. శనివారం కొలిచాను. రెండు సోలలు, పైన పొర్లుతూ.

నేను ఏడ్చిన ఏడుపుకు సాలమ్మ వదిన పరుగెత్తుకొచ్చింది. మా ఆయన బతికే ఉన్నాడు వదినా అని ఆమె మెడ పట్టుకున్నాను. మాట్లాడని వారం సంగతి ఇద్దరం మరిచిపోయాం. అత్త విసుర్రాయి దగ్గర కూర్చుని మమ్మల్నే చూస్తోంది. రెండు చేతులతో రాయి పిడి పట్టుకుని ఉంది.

"ఏమైందే?" అంది.

"జొన్నలు పెరిగినయి అత్తా. నీ కొడుకుకేం గాలె."

"నిజంగనా?" అంది. ఆమె మొహం ఒక్కసారి వెలిగింది. నా సంతోషమే ఆమె సంతోషం అనుకున్నాను.

మా సంఘంలో ఆదివారం సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. నేను అంతకుముందు ఎప్పుడూ లేవలేదు. ఆ ఆదివారం లేచి, గీతల సంగతి, గింజ సంగతి, రెండు సోలల సంగతి అంతా చెప్పాను. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మగవాళ్ళు స్తోత్రం, స్తోత్రం అన్నారు. అయ్యగారు మాత్రం, "జానమ్మా, మంచిగ చూసినవా తల్లీ?" అని అడిగాడు. పాస్టరై ఉండి ఇంత అపనమ్మకమా అని లోలోపల మండిపడ్డాను.

ఇంక ఆ వారం మా ఇల్లు జాతరే. పొరుగూరి సంఘం నుంచి కూడా ఆడవాళ్ళు ముంతను చూడటానికి వచ్చారు. ఒకామె ముంతను తాకి కళ్ళకద్దుకుంది. అది మన పద్ధతి కాదమ్మా అని నేను చెప్పాను గాని, గట్టిగా చెప్పలేదు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉంది. అత్త ఒక మూలన ఒదిగి కూర్చునేది. రొట్టె తినమంటే, "పటేలోళ్లింట్ల వడ్లు దంచిన గద, గటక పెట్టిండ్రు. కడుపు నిండింది" అనేది. నెల రోజులుగా అదే మాట. సరే, తినే వచ్చింది కదా అనుకునేదాన్ని.

గురువారం నాడు చేనుకు పోతే, ఆసామి రాలేదని పని లేదన్నారు. పొద్దెక్కకముందే ఇంటికి తిరిగొచ్చాను. తడిక తీసి ఉంది. అత్త పొయ్యి ముందు ముంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పక్కన నేను పొద్దున కొలిచిపెట్టిన జొన్నల చాట. ఒక పిడికెడు తీసింది. ముంత మూతి మీద చెయ్యి ఉంచి మాట్లాడుతోంది.

"అయ్యా, నేను ఉప్పలమ్మను. గుర్వడి తల్లిని. నీళ్లల్ల మునగలే, నా మాట నువ్వు ఇనవంట. ఇనకు. గివి నా కోడలు పేరు మీద రాసుకో. పిల్ల పిడికిలి చిన్నది, గంతదానికి వాని కడుపు నిండదు. నావి గూడ కలుపుకొని వానికి అందియ్యి."

జొన్నలు ముంతలో పడిన చప్పుడు విన్నాను.

ఆ క్షణంలో నా మీద నీళ్ళు కుమ్మరించినట్టయింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని, ఆ మాటలు విని నా మనసు కరగలేదు. మండింది.

"అత్తా!"

ఆమె ఉలిక్కిపడి మూత పెట్టేసింది.

"నువ్వా? నువ్వా ఏస్తున్నది?"

"నా వాటాలయే పిల్లా. నీ వాటా ముట్టలే. ఎల్లమ్మ తోడు."

"ఎవలడిగిండ్రు నిన్ను వాటాలు? రెండు సోలలైతే ఆయన బతికున్నట్టని మొక్కుకున్న. అయినయి గదాని నిమ్మలమైన. ఊరంత చెప్పుకున్న. అన్నీ నువ్వేసినవేనా? ఇప్పుడు ఆయన ఉన్నడో లేడో నాకెట్ల తెలువాలె? చెప్పు!"

అత్త నోరు తెరిచి నన్ను చూసింది. నా ఒప్పందం సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు కదా.

"నువ్వు తెలుసుకుందామని ఏస్తున్నవా?" అంది మెల్లగా. "నేను వాడు తింటడని ఏసిన."

వాటా అన్న మాట నా చెవిన పడింది, మనసున పడలేదు. బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాను. నా ఏడుపంతా పోయిన గుర్తు కోసమే. ఆమె ఏం తిన్నదని అడగాలని తోచలేదు.

మూడు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. నాకు ఒకటే బెంగ. ఆదివారం ఏం చెయ్యాలి? ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అత్త చెప్పదు. పొరుగూరి ఆడవాళ్ళు మళ్ళీ వస్తామన్నారు. కానీ ఊరుకుంటే, ప్రతి శనివారం దొంగ ముంతను కొలుచుకుంటూ, ఆయన ఉన్నాడని నాకు నేనే చెప్పుకుంటూ కూర్చోవాలి. అది నావల్ల కాదు.

ఆదివారం లేచాను. "పోయిన ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం తప్పు. జొన్నలు వాటంతటవి పెరగలే. మా అత్త ఏసింది. మునగనోళ్ల మాట దేవుడు ఇనడని నేను కోపంల అన్న. అందుకని చాటుగ నా పేరు మీద ఏసింది" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతలో గడప బయటి నుంచి అత్త కేక వేసింది.

"ఎందుకు జెప్పినవే! గిప్పుడు ఆయనకు తెలిసిపాయె. గవన్ని లెక్కకు రాకుంట పాయె. నా కొడుకు గతేంది?"

ఆ నవ్విన మనిషి నవ్వు ఆగిపోయింది. అయ్యగారు బల్ల దగ్గర నుంచి నడిచి గడప దాటి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. మేమంతా తలుపు దగ్గర గుమిగూడాం.

"పెద్దమ్మా, ఆయనకు మొదటి నుంచే తెలుసు. నీ చెయ్యి ఆయనకు తెల్వదా?"

"తెలిసి గూడ తీసుకున్నడా?"

"తీసుకున్నడు."

"మరి గుర్వడికి అందిచ్చిండా?"

అయ్యగారు "అది నాకు తెల్వదు పెద్దమ్మా" అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. "నాలుగు నెలల సంది కబురు లేకున్నా ముంతనే చూస్తున్నవు బిడ్డా. పోయి మనిషిని చూసి రాపోండ్రి."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నాకే ఆశ్చర్యం వేసింది. ఇన్ని పరీక్షలు పెట్టిన దాన్ని, లేచి పోయి చూడాలని నాకెందుకు తట్టలేదు? తట్టలేదు కాదు, భయపడ్డాను. పోయి చూస్తే ఏం తెలుస్తుందోనని. ముంతనైతే నా పొయ్యి దగ్గర కూర్చుని అడగవచ్చు.

ఆ వారం గంపలోని జొన్నలన్నీ అయ్యగారు మా కొంగుల్లో పోయించాడు. సాలమ్మ వదిన విసిరి, రొట్టెలు చేసి మూట కట్టింది. ఆమె తమ్ముడు కొత్తకోటలో మమ్మల్ని లారీ ఎక్కించాడు. మహబూబ్‌నగర్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు. దారిలో రొట్టె తుంచి అత్తకు ఇచ్చాను. "వాడు తిన్నంక తింట" అని తిరిగి మూటలో పెట్టింది. బలవంతం చేస్తే ఒక ముక్క నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఇంత తేలికగా ఉందేమిటి ఈమె అనుకున్నాను. అనుకుని, కిటికీలోంచి చూస్తూ మళ్ళీ నా బెంగలో నేను పడ్డాను.

కట్ట దగ్గర దిగితే కళ్ళు తిరిగాయి. అంత మందిని నేను ఎక్కడా చూడలేదు. రాళ్ళు మోసేవాళ్ళు, సున్నం కలిపేవాళ్ళు, నెత్తిన తట్టలతో చీమల బారులా ఆడవాళ్ళు. మా పాలమూరోళ్ళ గుడిసెలు ఎక్కడని అడిగితే ఒకరు ఇటు చూపారు, ఒకరు అటు చూపారు. అత్త ప్రతి గుడిసె ముందూ ఆగి, "మా గుర్వణ్ణి చూసిండ్రా, నుదుటి మీద మచ్చ ఉంటది" అని అడిగింది. లేదు అన్న ప్రతిసారీ నా గుండె ఒక మెట్టు దిగింది. మధ్యాహ్నం అయ్యేసరికి నాకు నోరు ఎండిపోయింది. ఆమె ఆగలేదు.

చివరి వరసలో ఒక గుడిసె ముందు, గోనెసంచి మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి. కానీ ఆయనే. బతికే ఉన్నాడు! నా కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

చలిజ్వరంతో మూడు నెలలు లేవలేదట. ఆయన కబురు ఇచ్చి పంపిన మనుషులు ఊరికి రాకుండా, వానలు లేవని విని ఇంకో పనికి పోయారట. ఇరుగుపొరుగు గుడిసెల వాళ్ళు గంజి పోశారట. ఇవన్నీ తరువాత తెలిసినవి. ఆయన ముందుగా నన్ను చూడలేదు. తల్లిని చూశాడు. చూస్తూ గోడ పట్టుకుని లేచాడు.

"అమ్మా, నువ్వేనా? గిట్లయినవేందే?"

అప్పుడు నేను కూడా చూశాను. నిజంగా చూశాను. మెడ కింద ఎముకలు బయటికొచ్చి ఉన్నాయి. రవిక భుజాల మీద నిలవక జారుతోంది. కడియాలు మోచేతి దాకా ఎక్కి ఉన్నాయి. ఆమెతో ఒకే చూరు కింద ఉన్నాను, ప్రతి శనివారం ముంతను కొలిచాను, ఈమె వంక ఒక్కనాడు చూడలేదు.

మా ఆయన నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో నేను ఎప్పుడూ చూడని కోపం. "అమ్మను చూసుకొమ్మని చెప్పి వస్తిగద. తిండి పెట్టలేదానే?"

అందరికీ జవాబు చెప్పే నోరు నాది. ఈసారి రొట్టెల మూట పట్టుకుని అత్త వెనక్కి జరిగాను.

"దాన్నేమనకు బిడ్డా" అంది అత్త. "పిల్ల రోజు కొలిచి పెట్టింది. నేనే తినలే. నా వాటా నీకు పంపిన. వీళ్ల దేవునికిచ్చి పంపిన." కొడుకు చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "అందినయా?"

ఆయనకు అర్థం కాలేదు. నా మొహంలోకి చూశాడు. అబద్ధమాడకూడదని చిన్ననాటి నుంచి ఆజ్ఞలు వల్లించిన మనిషి ఆయన, నేనూ అంతే. మొన్న ఆదివారమే సంఘం ముందు నిలబడి నిజం చెప్పి వచ్చాను. ఇప్పుడు ఏది నిజమో, ఏది అబద్ధమో నాకు తెలియలేదు. ఆయన బతికి కళ్ళ ముందు ఉన్నాడు. అది ఒక్కటే తెలుసు. కన్నీళ్ళు కారుతుండగా అవునను అన్నట్టు తల ఊపాను.

"అందినయమ్మా" అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ అందినయి."

అత్త ఊపిరి పీల్చుకుంది. కొడుకు చెయ్యి వదిలి, అక్కడే గోనెసంచి మీద కూలబడి, నా చేతిలోని మూట వైపు చూసింది.

"అట్లయితే ఇగ నాకింత పెట్టు పిల్లా" అంది. "మస్తు ఆకలైతాంది."

మూట ముడి నా చేతికి రాలేదు. పళ్ళతో లాగి విప్పాను.